రామాలయం వాల్వు సెట్టు

మణిశంకర్ దొంగ కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

నలభై ఏడేళ్ల మనిషి. రాజమండ్రిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఫిజిక్సు చెబుతున్నాడు. ఉండేది కడియంలో. పొద్దున్నే బండి మీద వెళ్లడం, సాయంత్రం నర్సరీల మధ్య నుంచి ఇంటికి రావడం. పరీక్షలో చీటీ పెట్టిన కుర్రాణ్ణి పట్టుకుంటే, ఆ కుర్రాడి కంటే తనే ఎక్కువ సిగ్గుపడిపోయే రకం. పేకాట లేదు, మందు లేదు. ఉన్నది ఒక్కటే పిచ్చి. పాట వినడం.

వినడమంటే అందరూ వినేలా కాదు. ఆదివారం మధ్యాహ్నం హాలు తలుపులు వేసేసి, నాదస్వరమో వీణో పెట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్లు మూసుకుంటాడు. వంటింట్లో కుక్కరు కూత పెడితే ఎవరో చెంప మీద కొట్టినట్టు ఉలిక్కిపడతాడు. ఆయన భార్య మీనాకుమారి ఒకసారి తలుపు సందులోంచి చూసి, "ఏవండీ, మీరు పాట వింటున్నారా, బీపీ చూపించుకుంటున్నారా?" అని అడిగింది.

ఆ పిచ్చి కాస్తా వాల్వుల పిచ్చిగా ముదిరింది నిరంజన్ వల్ల. రాజమండ్రిలో దేవీచౌక్ అవతల ఒక సందులో నిరంజన్‌కి రిపేరు షాపు ఉంది. మణిశంకర్ తన ఆంప్లిఫయర్ బాగుచేయించడానికి వెళ్తే, నిరంజన్ దాన్ని పక్కన పడేసి, బల్ల కింద నుంచి తను కట్టుకున్న పెట్టె ఒకటి పైకి తీశాడు. పైన గాజు గొట్టాలు. స్విచ్ వేస్తే ఏమీ జరగలేదు. అర నిమిషం ఆగాక గొట్టాల అడుగున నిప్పురవ్వంత ఎరుపు మొదలైంది. అప్పుడు వీణ పెట్టాడు.

మణిశంకర్‌కి ఆ వీణ రికార్డింగు కంఠతా వచ్చు. కానీ తీగ మీద వేలు జారడం, జారే ముందు ఆ వేలు ఒక్క క్షణం తటపటాయించడం అంతవరకూ ఎప్పుడూ వినలేదు. చివర తీగ మోత గది మూలల్లోకి వెళ్లి అక్కడే కాసేపు కూర్చున్నట్టు అనిపించింది.

"ఏంటండీ ఇది?" అన్నాడు.

"ఇదేనండీ వాల్వు సెట్టంటే," అన్నాడు నిరంజన్. "ఇక మీకు నిద్ర పట్టదు. నాకు తెలుసు."

పట్టలేదు. రెండేళ్ల పాటు మణిశంకర్ వాల్వు ఆంప్లిఫయర్ ఎంచుకుంటూనే ఉన్నాడు. ఒక్క వాల్వుతో పనిచేసే రకం తియ్యగా ఉంటుందట, కానీ బలం తక్కువ, దానికి బీరువా అంత స్పీకర్లు కావాలి. అంత పెద్దవి హాల్లో పెడితే మనుషులు వరండాలో కూర్చోవాలి. రెండేసి వాల్వులు జోడీగా పనిచేసే రకం తమ ఇంటి స్పీకర్లకు సరిపోతుంది. పోనీ చైనా నుంచి తయారుగా వచ్చేది కొందామా అంటే నిరంజన్ ఒప్పుకోలేదు.

"దాంట్లో వాల్వు కింద నీలం లైటు పెడతారండీ, వాల్వు వెలుగు చాలదన్నట్టు! అలా చేసేవాణ్ణి నేను నమ్మను. మాస్టారూ, వాల్వులదేముంది, ఫోన్లో నొక్కితే ఇంటికొస్తాయి. అసలు సంగతి ట్రాన్స్‌ఫార్మరు. వాల్వు పాటని స్పీకరుకి అప్పజెప్పేది అదే. పాత మైకు సెట్లలో ఉండేవి, ఒక్కోటీ అయిదు కేజీలు. ఇనుములోనూ రాగిలోనూ కక్కుర్తి పడకుండా చుట్టేవాళ్లు అప్పట్లో. అలాంటిది దొరికితే చెప్పండి, మీకు జన్మంతా సరిపోయే సెట్టు చేసిస్తాను."

అలాంటిది ఎక్కడుందో మణిశంకర్‌కి అప్పటికే తెలుసు. వాళ్ల వీధి చివర రామాలయంలో ఉంది.

యాభై అయిదేళ్ల కిందటి సెట్టు అది. బూడిదరంగు ఇనప పెట్టె, పైన గాలి ఆడటానికి చిల్లులు. ప్రతి శనివారం సాయంత్రం అనంతకృష్ణ గారు అక్కడ పురాణం చెబుతారు. ఆయనకు డెబ్భై తొమ్మిదేళ్లు. మణిశంకర్ కడియం వచ్చిన నాటి నుంచి ఆ గొంతు వింటున్నాడు. అరిచే గొంతు కాదు. కథలో రాజు అడవిలో దారి తప్పినప్పుడు ఆయన గొంతు తగ్గించేసేవారు, గుసగుసకి కాస్త పైన. ఆఖరి వరసలో ఉన్న ఆడవాళ్లు కూడా చేతిలో వత్తులు ఆపేసి వినేవాళ్లు. పురాణానికి అరగంట ముందు ఆయనే వచ్చి సెట్టు స్విచ్ వేసి, "ఇది నిద్ర లేచేలోగా నేను తయారవుతాను" అని, కాళ్లు కడుక్కుని, పంచె మార్చుకుని, బొట్టు పెట్టుకుని వచ్చేవారు. నలభై ఏళ్లుగా అంతే.

కిందటి వేసవిలో ఆ సెట్టు గుంయ్‌మనడం మొదలుపెట్టింది. కమిటీ ప్రెసిడెంటు రాజేంద్ర నర్సరీ మనిషి, మొక్కలకి తెగులొస్తే ఇట్టే చెబుతాడు గానీ కరెంటు సంగతులు తెలియవు. "ఆయ్, మేస్టారున్నారు కదా!" అని మణిశంకర్‌ని పిలిచాడు.

మణిశంకర్ మూత విప్పాడు. లోపల ట్రాన్స్‌ఫార్మరు నల్లగా, బరువుగా, కడుపు నిండిన పిల్లిలా కూర్చుని ఉంది. రెండు నిమిషాల్లో జబ్బు తెలిసిపోయింది. కెపాసిటర్లు రెండు ఎండిపోయాయి. మార్చేస్తే మళ్లీ ఇరవై ఏళ్లు పాడుతుంది. ఇది చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"వాల్వులు పోయాయండీ."

పోయాయని ఊరుకున్నా బాగుండేది. ఒక వాల్వు పీకి, గాజు నెత్తిన అద్దంలా మెరిసే నల్లటి మచ్చ రాజేంద్రకి చూపించాడు. "చూశారా, ఇక్కడ మాడిపోయింది. ఇవి ఇప్పుడు దొరకవు." ఆ మచ్చ వాల్వు ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. లోపల గాలి చొరబడితే అది తెల్లగా పాలిపోతుంది. నల్లగా మెరుస్తోందంటే నిక్షేపంలా ఉన్నట్టు. ఆ సంగతి తెలిసినవాడు మాత్రమే ఆడగల అబద్ధం అది. ఫోన్లో ఎవరు వెతికినా రెండు నిమిషాల్లో బయటపడేది. ఎవరూ వెతకలేదు. ఫిజిక్సు మాస్టారు చెప్పాక వెతకడమేంటి?

"అయితే కొత్తది కొనేద్దాం," అన్నాడు రాజేంద్ర. "మరి దీన్నేం చేద్దామంటారు?"

"మా కాలేజీ ల్యాబ్‌లో పెట్టుకుంటాం. పిల్లలకి చూపించడానికి."

"పట్టుకుపోండి, మంచి పనే కదా."

సెట్టు నేరుగా నిరంజన్ షాపుకి వెళ్లింది. అతను కెపాసిటర్లు మార్చాడు, జాయింట్లన్నీ మళ్లీ సోల్డరింగ్ చేశాడు. వాల్వుల మీద చెయ్యి వెయ్యలేదు. "వీటి అడుగున ఏదో జిడ్డు మాడి అంటుకుంది. గీకకండి, అక్షరాలు పోతాయి. అలాగే ఉండనివ్వండి," అన్నాడు. ఒక్క ఛానెలే కాబట్టి ఒక్క స్పీకరే. మణిశంకర్ వినే పాత కచేరీలన్నీ ఒక్క మైకు పెట్టి తీసినవే గనక అదీ కలిసొచ్చింది.

మొదటి ఆదివారం నాదస్వరం పెట్టాడు. విద్వాంసుడు ఊపిరి తీసుకుంటుంటే తన ఛాతీ కూడా పైకి లేచింది. డోలు దెబ్బ చెవికి కాదు, కడుపుకి తగిలింది. మీనాకుమారి కూడా వచ్చి గుమ్మంలో నిలబడి, "బాగుందండీ," అంది. ఆమె అలా అనడం పెళ్లయ్యాక అదే మొదలు. మూడు వారాలు మణిశంకర్ స్వర్గంలో ఉన్నాడు. మూడే.

నాలుగో శనివారం రామాలయానికి వెళ్లాడు. కొత్త సెట్టు నల్లగా, నాజూగ్గా, పలక మందాన ఉంది. అనంతకృష్ణ గారి కండువాకి చిన్న మైకు తగిలించారు. ఆయన మామూలుగానే మొదలుపెట్టారు. గొంతు రేకుల మీద వానలా పడింది. కట్టుడు పళ్ల టకటక కూడా వినిపించింది. రాజు అడవిలో దారి తప్పాడు, ఆయన గొంతు తగ్గించారు. సెట్టు ఆ చిన్న చప్పుడుని చప్పుడే కాదనుకుని కోసేసింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

"వినపడట్లేదండీ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆయన గొంతు పెంచారు. సెట్టు కీచుమని ఈల వేసింది. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. అనంతకృష్ణ గారు నవ్వలేదు. గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు కూడా ఊరంతా వినిపించింది.

లారీలు మాట్లాడిపెట్టే భీమరాజు పక్కవాడితో, "పంతులు గారికి బ్యాటరీ డౌన్ అయిందిరా," అన్నాడు. మణిశంకర్ ప్రసాదం తీసుకోకుండా ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత శనివారాలు కాలేజీలో స్పెషల్ క్లాసులున్నాయని చెప్పి వెళ్లడం మానేశాడు. లేవు.

శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున్న, తొమ్మిదింటికి, సెట్టు వేడెక్కి పాట మంచి పట్టులో ఉండగా గేటు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే అనంతకృష్ణ గారు. గొడుగు మడుస్తున్నారు.

కాలేజీ ల్యాబ్‌లో ఉండాల్సిన సెట్టు హాలు మధ్యలో, పై మూత కూడా లేకుండా, ఎర్రగా వెలుగుతోంది. మణిశంకర్ పాట ఆపాడు గానీ స్విచ్ తియ్యడం తోచలేదు. కుర్చీ మీదున్న తువ్వాలు తీసి దాని మీద కప్పేశాడు.

"స్నానం అయిందా శంకరం? పాట వినిపించింది. ఆపేశావేం?"

"మీరొచ్చారని. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. సరిగ్గా తువ్వాలు పక్కనే. మంచినీళ్లు తాగారు. గ్లాసు కింద పెట్టారు.

"ఒక్క మాట అడగడానికి వచ్చాను. కమిటీ వాళ్లని అడిగితే మొహమాటపడతారు. నువ్వు సైన్సు చదివినవాడివి, ఉన్నదున్నట్టు చెబుతావు. నా గొంతు పోయిందా?"

తువ్వాలు లోంచి సన్నగా వాసన మొదలైంది.

"అదేం లేదండీ..."

"మొహమాటం వద్దన్నానా? వెనకాల వాళ్లకి వినపడట్లేదంటున్నారు. పెంచితే చెవులు పగులుతున్నాయంటున్నారు. సెట్టు చూస్తే కొత్తది. పాతదయితే లోపం దానిదే అనుకునేవాణ్ణి. మరి లోపం ఎక్కడున్నట్టు?" ఆయన ముక్కు ఎగబీల్చారు. "ఏదో కాలుతోందా నాయనా?"

"పక్కింట్లో చెత్త తగలబెడుతున్నారండీ."

ఈ ఒక్క నిమిషం గురించి మణిశంకర్ తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఒకటే తేలింది. ఆయన్ని ఓదార్చడానికి గానీ, ఆలోచించి గానీ అనలేదు. ఆయన తొందరగా లేచి వెళ్లాలి, తువ్వాలు తియ్యాలి. అంతే.

"వయసు కదండీ," అన్నాడు. "డెబ్భై తొమ్మిదేళ్లకి గొంతు సన్నబడటం సహజమేనండీ. దానికేం చెయ్యలేం."

అనంతకృష్ణ గారు తలూపారు. రెండుసార్లు. "ఇదే అనుకున్నాను. చెప్పావు, సంతోషం," అని లేచారు. గేటు దాటి గొడుగు విప్పుకోవడం మర్చిపోయి, సన్నటి తుంపరలో అలాగే వెళ్లిపోయారు.

తువ్వాలు మధ్యలో రెండు గోధుమరంగు చక్రాలు పడ్డాయి, రెండు పెద్ద వాల్వుల కొలత. మీనాకుమారి దాన్ని ఉతికింది, నానబెట్టి మళ్లీ ఉతికింది, పెరట్లో తీగ మీద ఆరేసింది. గది తలుపు వెనక నుంచి అంతా వింది, అడగడానికి ఏముంది? ప్రతి వారం ఆ తువ్వాలే తీగ మీద అన్నిటికంటే ముందు ఆరేసేది.

మణిశంకర్ మళ్లీ పాట పెట్టాడు. నాదస్వరం అంతకు ముందులాగే ఉంది. కానీ విద్వాంసుడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా అనంతకృష్ణ గారు గొంతు సవరించుకున్నట్టే వినిపించింది. వీణ పెట్టినా అంతే. సెట్టు మరీ మంచిది, ఏదీ దాచదు.

కార్తీకం ఇంకో వారంలో వస్తుందనగా రోడ్డు మీద రాజేంద్ర బండి ఆపాడు.

"మేస్టారూ, పంతులు గారు మానేస్తారట. ఈ శనివారమే ఆఖరు. గొంతు పోయిందని ఆయనే అంటున్నారు, మనమేం చేస్తాం? కార్తీకం నుంచి పెన్‌డ్రైవ్ పెట్టేద్దామనుకుంటున్నాం. మంచి పురాణాలు ఏమన్నా ఉంటే ఎక్కించి పెడుదురూ, మీకు ఇలాంటివి బాగా తెలుసు కదా."

ఆ సాయంత్రం మణిశంకర్ అన్నం ముందు కూర్చుని, "ఇచ్చేద్దామనుకుంటున్నాను," అన్నాడు.

"ఇచ్చెయ్యండి."

"వాల్వులు ఎక్కడో దొరికాయని చెప్పి ఇస్తాను. ఎవరికీ నష్టం లేదు కదా?"

మీనాకుమారి చారు వడ్డించింది. "మీ ఇష్టం. పిల్లలకి ఫిజిక్సు కూడా ఇలాగే చెబుతున్నారా?"

శనివారం అయిదింటికి ఆటోలో సెట్టు పట్టుకెళ్లాడు. తను అనుకున్నదే చెప్పాడు. వాల్వుల కోసం మద్రాసు దాకా వాకబు చేశాడట, ఎవరో పాత సినిమాహాలు వాళ్ల దగ్గర దొరికాయట. ఒకసారి మొదలుపెట్టాక అబద్ధం దానంతటదే పెరిగింది. రాజేంద్ర కళ్లల్లో నీళ్లొక్కటే తక్కువ. "ఆయ్, ఊరికోసం ఎంత తిరిగారండీ మేస్టారూ!" అని లోపలికెళ్లి, పంతులు గారి సన్మానానికని తెచ్చిన రెండు శాలువల్లో ఒకటి తెచ్చి మణిశంకర్ భుజాల మీద కప్పేశాడు. నలుగురు చప్పట్లు కొట్టారు. వద్దు వద్దు అంటుంటే వినయం అనుకున్నారు.

అనంతకృష్ణ గారు వచ్చారు. సెట్టుని చూసి ఆగిపోయారు. రాజేంద్ర మద్రాసు వాల్వుల కథంతా చెప్పాడు. ఆయన స్విచ్ వేశారు. అలవాటు ప్రకారం కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు, పంచె మార్చుకున్నారు, బొట్టు పెట్టుకుని వచ్చారు. వచ్చి పెట్టె పైన చిల్లుల్లోంచి లోపలికి చూశారు. మొదట చూశారు, తర్వాత కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశారు.

"శంకరం, ఇలా రా."

మణిశంకర్ వెళ్లాడు.

"కొత్త వాల్వులన్నావట కదూ?" ఆయన గొంతు మామూలుగానే ఉంది, పక్కనున్నవాడికి మాత్రమే వినిపించేంత. "వీటికి బొట్టెవరు పెట్టారు?"

"బొట్టా?"

"దసరాకి ఆయుధ పూజ చేస్తాం కదా. మా ఆవిడ ఒక్కో వాల్వూ బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, కుంకంలో నూనె కలిపి అడుగు దిమ్మకి బొట్టు పెట్టేది. వేడికి మాడి అంటుకుపోయేది, మళ్లీ ఏడాది దాని మీదే ఇంకోటి. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఆవిడ చేతి బొట్టు నాకు తెలియదా?"

నిరంజన్ జిడ్డన్నాడు. తనూ జిడ్డనే అనుకున్నాడు. మణిశంకర్‌కి శాలువా కింద చెమటలు పట్టాయి.

"ఆ రోజు మీ ఇంట్లో కాలింది ఇదేనా?"

"అవునండీ. తువ్వాలు కప్పాను."

"వాల్వులు అసలు పోలేదా?"

"పోలేదండీ. రెండు చిన్న సామాన్లు మారిస్తే సరిపోయేది. నాకు కావాలనిపించింది. పోయాయని చెప్పాను."

అనంతకృష్ణ గారికి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"సరే. సెట్టు నీకు కావాలి, తీసుకున్నావు. అది నాకు అర్థమవుతుంది. నా గొంతు నీకెందుకూ పనికిరాదు కదా నాయనా. అదెందుకు తీసుకున్నావు?"

మణిశంకర్ అక్కడి నుంచి కదిలి, మెట్ల దగ్గర కుర్చీలు సర్దుతున్న రాజేంద్ర దగ్గరికి వెళ్లి, శాలువా తీసి చేతిలో పెట్టి, ఉన్నదంతా చెప్పేశాడు. చిన్నగా చెబుదామనుకున్నాడు గానీ చుట్టూ పదిమంది పోగయ్యారు.

రాజేంద్రకి ఏం చెయ్యాలో తెలియలేదు. శాలువా అటు తిప్పి ఇటు తిప్పి, "అంటే... మేస్టారూ... ఇప్పుడిది ఎవరికి కప్పాలంటారు?" అన్నాడు పాపం, నిజంగానే.

"అయితే కాలేజీ ల్యాబ్ మీ హాల్లో ఉందన్నమాట!" అన్నాడు భీమరాజు. కొందరు నవ్వారు. ఎవరో పెద్దాయన "పోనీలెండి, తెచ్చిచ్చారు కదా" అన్నారు. నవ్వు కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

పురాణం మొదలైంది. మణిశంకర్ వెళ్లిపోదామనుకున్నాడు. చెప్పులేసుకున్నాడు కూడా. మళ్లీ విప్పి, ఆఖరి వరస వెనక, అందరి చెప్పుల పక్కన కూర్చున్నాడు.

రాజు వేటకి వెళ్లాడు. పరివారం వెనకబడింది. పొద్దు వాలింది. అనంతకృష్ణ గారు గొంతు తగ్గించారు. ముందు కొంచెం జంకుతూ తగ్గించారు, సెట్టు మోస్తుందో లేదో అన్నట్టు. మోసింది. ఇంకా తగ్గించారు. ఆకుల మీద రాజు అడుగు పడుతున్న చప్పుడంత మాట, ఆఖరి వరస దాకా వచ్చి ఆగింది. ఎవరూ కదల్లేదు. రెండేళ్లు మణిశంకర్ వెతుక్కున్న చప్పుడు ఇదే. ఇంట్లో నాదస్వరంలోనూ వీణలోనూ దీన్నే వెతికాడు. ఇప్పుడు ఎదురుగా ఉంటే తలెత్తి వినలేకపోయాడు. నేల మీది చెప్పుల జతలు చూస్తూ విన్నాడు.

అప్పుడే ఆలస్యంగా వచ్చిన ఒక ముసలావిడ, నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే మనిషి, చేతికి ఇంకా మట్టి ఉంది, అతని పక్కన చతికిలబడింది. కాసేపు విని, మోచేత్తో పొడిచింది.

"పంతులు గారికి గొంతు మళ్లీ వచ్చిందే! పోయిందన్నారు. ఏం మందు వాడారంట?"

"ఎక్కడికీ పోలేదండీ," అన్నాడు మణిశంకర్. "నేనే పోయిందన్నాను."

ఆవిడ అతన్ని పైనుంచి కిందదాకా చూసింది.

"చెప్పడానికి నువ్వెవడివి?" అని, పురాణం వైపు తిరిగిపోయింది.